మావయ్య నెత్తిమీద ఒట్టు

‘ఆ రోజుల్లో’ అంటూ కథ మొదలుపెట్టడానికి నాకింకా వయసు చాలదని మా ఇంట్లో వాళ్ళంటారు. నిజమే, నేను చెప్పబోయేది గుర్రపుబళ్ళ కాలం నాటి సంగతి కాదు. చేతిలో స్మార్ట్‌ఫోనూ, కూర్చోవడానికి బైకూ, గోడకు ఇంటర్నెట్ డబ్బా అన్నీ ఉన్న రోజులే. కానీ ఇరవై మూడేళ్ళ కుర్రాడికి ఉండే తెలివితక్కువతనం ఏ కాలంలోనైనా ఒకటే కాబట్టి నేను మాత్రం ‘ఆ రోజుల్లో’ అనే అంటాను. ఆ రోజుల్లో నేనొక కంప్యూటర్ ఆట కోసం ఎదురుచూశాను. గుంటూరులో ఒక ఆసుపత్రి సెల్లార్‌లో, వారానికి మూడు పొద్దుటిపూటలు, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఎదురుచూశాను. నాతోపాటు కిడ్నీలు పాడైపోయిన ముగ్గురు మనుషులు కూడా ఎదురుచూశారు. వాళ్ళలో ఇద్దరికి కంప్యూటర్ ఆన్ చెయ్యడం కూడా రాదు.

ఆ ముగ్గురిలో మొదటివాడు మా చిన్న మావయ్య. అమ్మకు ఆఖరి తమ్ముడు, నాకంటే ఎనిమిదేళ్ళే పెద్ద. అద్దంకిలో కంప్యూటర్ రిపేరు షాపు నడిపేవాడు. వేసవి సెలవుల్లో నేను వెళితే, ఎవరో బాగుచెయ్యమని ఇచ్చిన కంప్యూటర్ మీదే నాకు అంతరిక్షాన్ని ఏలడం నేర్పాడు. ఒక గ్రహంతో మొదలుపెట్టి, పక్క గ్రహాల మీద జనాన్ని దింపి, ఓడలు కట్టి, అవతలి నక్షత్రం వాళ్ళతో సంధో యుద్ధమో తేల్చుకోవడం ఆట. (ఆ కంప్యూటర్ల యజమానులు రెండేసి వారాలు షాపు చుట్టూ ఎందుకు తిరిగేవారో ఇప్పటికైనా వాళ్ళకు అర్థమై ఉంటుంది.) తరవాత మావయ్యకు కాళ్ళు వాచాయి, మొహం వాచింది, ముప్ఫై ఒక్క ఏళ్ళకే రెండు కిడ్నీలూ పనిచెయ్యడం లేదన్నారు. షాపు మూసేసి గుంటూరులో మా ఇంటికి వచ్చేశాడు. మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. పొద్దున్నే బైకు మీద తీసుకెళ్ళి, నాలుగు గంటలు పక్కన కూర్చుని, ఇంటికి చేర్చి, ఆ తరవాత నేను పనిచేసే మిర్చి కోల్డ్ స్టోరేజీకి వెళ్ళేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే మేం ఏళ్ళ తరబడి వింటూ వస్తున్న కొత్త అంతరిక్ష ఆట బజారులోకి వచ్చింది. వచ్చిందిగానీ తాళంతో వచ్చింది. డీఆర్ఎం అంటారు దాన్ని. డబ్బులిచ్చి కొనుక్కున్నా సరే, తెరిచిన ప్రతిసారీ ఇంటర్నెట్‌లో కంపెనీవాడు ‘ఊ’ అనాలి. సెల్లార్‌లో ఫోనుకు ఒక్క గీత కూడా సిగ్నల్ ఉండదు. చేతిలో రెండు సూదులతో, కప్పు కేసి చూస్తూ గడిపే ఆ నాలుగు గంటల కోసమే మావయ్యకు ఆట కావాలి. అక్కడ తెరుచుకోని ఆట ఆయనకెందుకు? తాళం లేని వెర్షన్ ‘త్వరలో’ తెస్తామని తయారుచేసినవాళ్ళు ప్రకటించారు. ఆ ‘త్వరలో’ కోసమే మా ఎదురుచూపు.

మావయ్య మంచానికి కుడిపక్క మంచం తాతగారిది. ప్రత్తిపాడు వైపు మిర్చి రైతు. మనిషి ఎముకలగూడులా ఉన్నా గొంతు మాత్రం పొలంలో అవతలి గట్టు దాకా వినిపించేది. ఎడమపక్క మంచం టైలర్ సాయిబుగారిది. ఆయన నెమ్మదిగా మాట్లాడేవారు. ఈ తాళం సంగతి మావయ్య మొదటిసారి వివరించినప్పుడు నాకు ఇద్దరి మీదా జాలేసింది, వీళ్ళకేం అర్థమవుతుందిలే అని. చివరికి నేనే వెర్రిమొహం వేశాను.

“అంటే డబ్బులిచ్చి కొన్నాక కూడా వాణ్ణడగాలా? అయితే అచ్చం మన హైబ్రిడ్ విత్తనమేరా అబ్బాయ్!” అని అరిచారు తాతగారు. “మా నాయన మన కాయలో గింజే తీసి మళ్ళీ ఏడాది నారు పోసేవాడు. ఇప్పుడు ఆ గింజ పనికిరాదంట. ఏటేటా పోయి వాడి కొట్టు ముందు నిలబడాల.”

“నేను కుట్టిచ్చిన చొక్కా తొడుక్కోవాలంటే రోజూ నాకు ఫోన్ చెయ్యాలని చెప్పాననుకో బాబూ,” అన్నారు సాయిబుగారు, “కుట్టుమిషన్‌తో సహా నన్ను రోడ్డు మీద పెడతారు.”

ఆ రోజు నుంచి అది వార్డు ఆట అయిపోయింది. లోపలికి వచ్చి బరువు చూసుకోవడం, (ముందు మిషను మీద నిలబడాలి, రెండ్రోజుల్లో ఎన్ని నీళ్ళు దొంగతనంగా తాగామో అది చెప్పేస్తుంది) సిస్టర్‌తో చీవాట్లు తినడం, మంచమెక్కగానే “వచ్చిందా?” అని మావయ్యను అడగడం. రాకపోతే ఆ తయారుచేసేవాళ్ళను తాతగారు తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను. రాని ఆటలోని గ్రహాలను ముందే పంచేసుకున్నారు కూడా. పండగ ముందురోజు అనేదే లేని గ్రహం కావాలన్నారు సాయిబుగారు. తాతగారు ఆలోచించకుండా చెప్పారు: “నీళ్ళున్నది నాకు పెట్టు నాయనా.” రోజుకు రెండు గ్లాసుల నీళ్ళు మించకూడదని డాక్టరు కట్టడి. గుంటూరు ఎండాకాలంలో రెండు గ్లాసులు! ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. “మొదట దొరికిన నీళ్ళ గ్రహం మీదే తాతగారూ,” అన్నాడు మావయ్య.

ఆ ఊపులోనే నాకు ఉచ్చు బిగించాడు. “ఒరేయ్ అల్లుడూ, తాళం లేనిది వచ్చేదాకా నువ్వూ ముట్టుకోకూడదు. ఇద్దరం ఒకే రోజు మొదలెడదాం. నా నెత్తిమీద చెయ్యిపెట్టి ఒట్టెయ్.” డయాలసిస్ మంచం మీదున్న మనిషి నెత్తిన ఒట్టు వేయించుకోవడమేమిటండీ అని సిస్టర్ కసిరింది. నేను వేశాను. అందరి ముందూ, గంభీరంగా, సినిమాలో శపథం చేసినట్టు.

పదకొండు రోజులు నిలబడ్డాను. పన్నెండో రోజు మధ్యాహ్నం, కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో నేనొక్కణ్ణే ఉన్నాను. గంటగంటకూ చలిగదుల్లో ఎంత చలి ఉందో రిజిస్టరులో రాయడం నా ఉద్యోగం. రాయడానికి ఒక నిమిషం పడుతుంది, మిగిలిన యాభై తొమ్మిది నిమిషాలు మిర్చి ఘాటుకు తుమ్ముతూ కూర్చోవాలి. ఎదురుగా నా ల్యాప్‌టాప్, పక్కన యజమాని పెట్టించిన మంచి ఇంటర్నెట్. చిన్నప్పుడు ఒట్టు వదిలించుకోవడానికి చేసినట్టే, ‘ఒట్టు తీసి గట్టున పెట్టా’ అని మూడుసార్లు గొణుక్కుని, చేతిని కిటికీ గట్టు మీద దులిపి (కోల్డ్ స్టోరేజీలో అంతకంటే గట్టు లేదు) ఆట కొనేశాను. సీసీ కెమెరాలో చూసిన యజమాని, కంప్యూటర్ ముందు ఇంత శ్రద్ధగా కూర్చునే కుర్రాణ్ణి ఇంతవరకు చూడలేదని అందరికీ చెప్పేవాడట.

ఆ తరవాతి గురువారం డయాలసిస్ మధ్యలో మావయ్యకు బీపీ పడిపోయింది. మొహం తెల్లబడింది, చెమటలు పట్టాయి, సిస్టర్ పరుగెత్తుకొచ్చి మంచం కాళ్ళవైపు ఎత్తి సెలైను పెట్టింది. నేను మెట్ల కిందికి పోయి నిలబడి, ఇంక జన్మలో ఆడను దేవుడా అన్నాను. నిజంగా ఏడ్చాను. శనివారానికి మావయ్య మామూలుగా జోకులేస్తున్నాడు. ఆదివారానికి నేను కొత్త ఓడలు కడుతున్నాను. ఆ వేసవిలో నేను ఆట మానేసినన్ని సార్లు లోకంలో ఎవరూ సిగరెట్టు మానేసి ఉండరు.

పైగా వార్డులో నా పరపతి పెరిగింది. “అల్లుడూ, ఊరికే నీ ఊహ చెప్పు, ముందు ఓడలు కట్టాలంటావా, తిండిగింజలు చూసుకోవాలంటావా?” అని మావయ్య అడిగేవాడు. “నా ఊహకైతే తిండే ముందు. ఓడలకు తొందరపడితే జనం తిరగబడతారేమో,” అనేవాణ్ణి గడ్డం నిమురుకుంటూ. “ఈ అబ్బాయిది బుర్రంటే బుర్ర!” అని సాయిబుగారు మెచ్చుకునేవారు. మావయ్యకు దగ్గొచ్చేది. పాపం ఛాతీలో నీరు చేరిందేమో అనుకునేవాణ్ణి.

నీళ్ళ గ్రహం నాకు ఉగాది వెళ్ళిన వారానికే దొరికింది. ముప్పాతికవంతు సముద్రం, మిగతాది ఏర్లు, చెరువులు. దగ్గరికి వెళ్ళి చూస్తే నీటి మీద మేఘాల నీడలు కదులుతున్నాయి. ఆపుకోలేక ల్యాప్‌టాప్ తెరను ఫోనుతో ఫొటో తీసుకున్నాను.

మే నెలలో ఒక శనివారం. బయట రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటోంది. తాతగారు ఆ రోజు ఎవర్నీ తిట్టలేదు. డయాలసిస్ అవుతున్నంతసేపూ నాలుకతో పెదాలు తడుపుకుంటూనే ఉన్నారు. ఇంటికి వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుని, “ఆట రాకపోతే పోయింది, బొమ్మయినా లేదంటరా ఎక్కడా? నా గ్రహం ఒక్కసారి చూస్తే చాలు,” అన్నారు. ఫోను నా చొక్కా జేబులో, ఆయన చేతికి జానెడు దూరంలో ఉంది. తీస్తే ఒట్టు తప్పిన సంగతి మావయ్య ముందు బయటపడుతుంది. “ఇంకా రాలేదు తాతగారూ. వస్తే ముందు మీకే,” అన్నాను. ఆయన తలూపి, కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లెక్కారు.

మంగళవారం వెళ్ళేసరికి ఆ మంచం మీద ఇంకెవరో ఉన్నారు. సిస్టర్ చెప్పింది. ఆదివారం మధ్యాహ్నం ఎండకు తట్టుకోలేక, అందరూ పడుకున్నాక కుండ దగ్గరికి వెళ్ళి తాగినన్ని తాగారట. సాయంత్రానికి ఊపిరాడలేదు. ఆసుపత్రికి వస్తుంటే దారిలోనే అయిపోయింది. నేను కుర్చీలో కూర్చున్నాను. నాకొచ్చిన మొదటి ఆలోచన ఏమిటో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు, అయినా చెబుతాను. మావయ్య నెత్తిన వేసిన ఒట్టు గురి తప్పి పక్క మంచం మీద పడిందేమో అనుకున్నాను. మావయ్య బతికిపోయాడనుకున్నాను.

తాళం లేని ఆట మరో పదిహేను రోజులకు వచ్చింది. ఇంటి ఇంటర్నెట్‌లో ఆట దించుకుని, మావయ్య తన బరువైన ల్యాప్‌టాప్‌ను వార్డుకు మోయించుకొచ్చాడు. సిస్టర్ కూడా వచ్చి నిలబడింది. ఎవర్నీ అడక్కుండా, ఎవరి ‘ఊ’ కోసమూ చూడకుండా, ఆ సెల్లార్‌లో ఆట తెరుచుకుంది. మావయ్య మౌసు నా వైపు తోశాడు.

“నువ్వాడరా. దారులన్నీ తెలిసినవాడివి.”

“నాకేం తెలుసు మావయ్యా?”

“మూడొందల గంటలు ఆడావు, ఆ మాత్రం తెలీదూ? నువ్వు ఎప్పుడు ఆడుతున్నావో, ఎన్ని గంటలు ఆడావో ఆట అమ్మిన ఆన్‌లైన్ కొట్టువాడు నీ స్నేహితులందరికీ చూపిస్తాడురా బడుద్ధాయ్. నా ఫోనులో మొదటిరోజే కనపడింది.”

నాకు నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. మావయ్య నవ్వుతూనే ఉన్నాడు. “మొదట భయమేసిందిరా, నా నెత్తిమీద ఒట్టు కదా. రెండ్రోజులు నిద్రపట్టలేదు. మూడోరోజు కూడా బతికే ఉన్నా. వారమైంది, నెలైంది, నువ్వు ఆడుతూనే ఉన్నావు, నేను ఉంటూనే ఉన్నా. ఈ ఒట్టే ఏం చెయ్యలేకపోతే ఇంకేది చేస్తుందిలే అని ధైర్యమొచ్చింది.”

అందరూ నవ్వారు, సాయిబుగారు తప్ప. ఆయన నెమ్మదిగా అడిగారు. “అయితే బాబూ, ఆ పెద్దాయన గ్రహం నిజంగానే ఉందా? నీళ్ళున్నాయా?”

“ఉన్నాయండీ.”

“ఆయన ఆవేళ నిన్ను బొమ్మ అడిగినప్పుడు నీ దగ్గరుందా?”

“ఉందండీ. జేబులోనే.”

ఆయన “అయ్యో” అన్నారు, అంతే. మొహం గోడవైపు తిప్పుకున్నారు. మావయ్య నా వైపు చూడకుండా అన్నాడు: “నీ ఒక్కడి తప్పు కాదులేరా. నీ దగ్గరుందని నాకూ తెలుసుగా. నువ్వెలా బయటపడతావో చూద్దామని తమాషా చూస్తూ కూర్చున్నా. ఆయన అడిగినప్పుడైనా ‘తియ్యరా ఫోను’ అనాల్సింది. అన్లేదు.”

మావయ్య ఆ ఆట రెండు మిర్చి సీజన్లు ఆడాడు. చాలా బాగా ఆడాడు. తరవాత ఆయన మంచం మీదా వేరేవాళ్ళు వచ్చారు. నేను ఒట్టు తప్పి కొన్న ఆటను కంపెనీవాడు నిరుడు ఆపేశాడు, ఎంత నొక్కినా తెరుచుకోదు. ఫొటో మాత్రం ఫోన్లు మారినా నా వెంటే వస్తోంది. ఇప్పుడు నాకొక జబ్బు పట్టుకుంది. ఎవరు కనపడినా ఫోను తీసి ఏదో ఒకటి చూపించాలి. పెళ్ళిళ్ళలో బంధువులు నన్ను చూసి పక్క వరసలోకి జరుగుతారు. “వాళ్ళడిగారా?” అంటుంది మా ఆవిడ. అడిగేదాకా ఆగితే ఏమవుతుందో ఆమెకింకా చెప్పలేదు. మొన్న కోల్డ్ స్టోరేజీకి బస్తాలు తెచ్చిన ఒక ముసలి రైతును, కాటా దగ్గర తన వంతు కోసం నిలబడితే, ఊరికే పట్టుకుని ఆ ఫొటో చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు.

“ఎన్ని అడుగుల్లో పడ్డాయి బాబూ నీళ్ళు?” అన్నాడు.