వెండి నాణెం మీద నాయిన

మొన్న నగల దుకాణంలో వెండి నాణెం చూడగానే, తొంభైల చివరి మాదాపూర్ గుర్తొచ్చింది. అక్కడ అద్దాల మేడ కడుతూ మా నాయిన పరంజా మీంచి పడి చనిపోయాడు. మేడ ప్రారంభం రోజున అతిథులకు పంచిన వెండి నాణేల్లో ఒకటి మేనేజరు అమ్మ చేతిలో పెట్టి, "మీ ఆయన జ్ఞాపకార్థం అమ్మా" అన్నాడు.

నాణెం మీద మనిషి ముఖం ఉంటుందని అప్పటికి చిన్నపిల్లనైన నాకు తెలుసు. తిప్పి తిప్పి చూశాను. ఒకవైపు మేడ, రెండోవైపు కంపెనీ గుర్తు.

"అమ్మా, ఇందుల నాయిన ఏడున్నడే?"

అమ్మ పై అంతస్తులో చెక్కిన కిటికీ మీద వేలు పెట్టింది. "గీడ, బిడ్డా."

లోపలున్నాడనుకుని ఆ కిటికీని గోటితో తట్టాను. "నాయినా, బయటికి రా!"

"పాప భలే హుషారండీ" అని మేనేజరు అతిథులతో నవ్వాడు.

నాయిన పడింది ఆ కిటికీ దగ్గరి నుంచేనని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. అమ్మ ఆ రోజు నన్ను ఆపలేదు.