ఎస్తేరు మేడం గవాక్షాలు

నిన్న కృష్ణపట్నం దగ్గర మేం కడుతున్న క్వార్టర్లలో, ఇంకా తలుపులు బిగించని కిటికీ ముందు నిలబడితే ఉప్పుగాలి రొయ్యల చెరువుల వాసన మోసుకొచ్చి ముఖాన కొట్టింది. వెంటనే ఎస్తేరు మేడం గుర్తొచ్చారు. నెల్లూరులో నాకు మొదటి ఉద్యోగమిచ్చి పని నేర్పిన ఆర్కిటెక్టు ఆవిడ. ప్లాన్లలో అందరూ ‘ఓపెనింగ్’ అని రాసేచోట పట్టుబట్టి ‘గవాక్షం’ అని రాయించేవారు. ఈ పాత మాట మనకెందుకని ఒకరోజు అడిగేశాను. గో అంటే ఆవు, అక్షి అంటే కన్ను అని, పూర్వం గోడల్లో గుండ్రంగా ఆవు కన్నులా తొలిచేవాళ్ళు కనుక ఆ పేరొచ్చిందని చెప్పారు. గో అంటే కిరణమని కూడా అర్థముందట, అందుకని వెలుగొచ్చే కన్ను అనేవాళ్ళూ ఉన్నారట.

“ఏదైనా గానీ, బొక్క అన్లేదు, కన్నన్నారు. కన్నంటే దానెనకాల ఒక ప్రాణం ఉండాలమ్మా” అన్నారు.

ఆ మాట నాకు నిజంగా తలకెక్కింది తోటపల్లి గూడూరు వైపు ఒక పల్లెలో చర్చి కట్టినప్పుడు. ప్లాను మేడమే స్వయంగా గీశారు. పాత పాక పీకేశారు కాబట్టి ప్రతిష్ఠకు ముందే ఆదివారం ఆరాధన కొత్త గోడల మధ్య మొదలైంది. మేమూ వెళ్ళాం. ఆ ఊళ్ళో బెంచీలు లేవు, అందరూ చాపల మీద కూర్చుంటారు. కిటికీలేమో పట్నం చర్చిలకు మల్లే నడుమెత్తున ఉన్నాయి. సముద్రపు గాలి హాయిగా వస్తోంది, జనం తలల మీదుగా పోతోంది. మేరమ్మ అనే ముసలావిడ చెమటలు కక్కుతూ కొంగుతో విసురుకుంటోంది. మేడం వెళ్ళి ఆమె పక్కన చాప మీద కూర్చుని, ప్రసంగం అయ్యేదాకా లేవలేదు.

బయటికొచ్చి, కిటికీల కింద గోడ తొలిపించాలన్నారు. సంఘపెద్ద ససేమిరా అన్నారు. రంగులు పడ్డాయి, పిలుపులు వెళ్ళాయి, ఇప్పుడు పగలగొడితే మీ పేరే పోతుంది కదమ్మా అని నచ్చజెప్పబోయారు. ఆయన చెప్పింది నిజమే. జిల్లాలో ఆవిడకున్నదల్లా ఆ పేరే.

“పోతే పోనీండి అన్నా. తప్పు గీసింది నేనే. ఈళ్ళు యాడ కూర్చుంటారో చూడకుండా గీసినా” అన్నారు, ఊరంతా వింటుండగానే.

చాపకు జానెడెత్తున వరుసగా చిన్న గవాక్షాలు వెలిశాయి, పురుగూ పుట్రా రాకుండా వాటికి జాలీ. ప్రతిష్ఠనాటికి సిమెంటు అతుకులు తెల్లగోడ మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తూనే ఉన్నాయి. పట్నం నుంచి వచ్చినవాళ్ళు వాటిని చూసి గుసగుసలాడారు. ప్రసంగం మధ్యలో మేరమ్మ గోడకు చేరగిలబడి గుర్రుపెట్టింది. పాస్టరు గారు ముఖం చిట్లించారు. మేడం ముఖం మాత్రం వెలిగిపోయింది. ఆ వెలుగును నేనెంత ప్రేమించానో ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు.

నేను గీసిన గోడను నేనే పగలగొట్టించాల్సి వస్తే ఇప్పుడు నాకు నామోషీ లేదు. లోపల ఎవరో ఒకరికి కునుకు పడుతుంది.