రాళ్ళు కలిపిన బియ్యం

మెంతులు నానబెట్టి మెత్తగా రుబ్బి, తడిపిన పాత కాగితాల ముద్ద అందులో కలిపి కొత్త వెదురుచాటకు పూసి ఎండలో పెడితే ఒక వాసన వస్తుంది. కాస్త చేదుగా, కాస్త తడిగోడ వాసనలా ఉంటుంది. పోయిన నెల ఆ వాసన కోసం మిర్యాలగూడ బజారంతా తిరిగాను. ఎక్కడ అడిగినా ప్లాస్టిక్ చాటలే చూపించారు. ఒక దుకాణం ఆయనైతే "పెండ్లిళ్ళకు దప్ప గిప్పుడు వెదురుచాట ఎవరు కొంటున్నరమ్మా?" అని నవ్వాడు. నాకు ఏడుపు కంటే కోపం ముందొస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. ఆయన మీద చిరచిరలాడి బయటికొచ్చి, చివరికి దామరచర్ల దారిలో మేదరివాళ్ళ దగ్గర ఒకటి సంపాదించి, ఇంటికి తెచ్చి నేనే మెంతిముద్ద పూసి ఆరబెట్టాను.

చాట మా అమ్మ కోసం. ఈమధ్య అమ్మకు మతి నిలవడం లేదు. ఇలాంటి పెద్దలున్న ఇళ్ళకు తోడుగా నిలబడే చిన్న సంస్థ ఒకటి మా ఊళ్ళో ఉంది. కిరాయికి తీసుకున్న రెండు గదులు, నీళ్ళ క్యాను, ప్లాస్టిక్ కుర్చీలు, అంతే దాని ఆస్తి. సూర్యాపేట నుంచి, కోదాడ నుంచి కూడా కొడుకులూ కూతుళ్ళూ కోడళ్ళూ వచ్చి కూర్చుంటారు. ఒకరు చెబుతుంటే ఇంకొకరు "మా ఇంట్ల గూడ గంతే" అంటారు. ఆ ఒక్క మాటతో సగం బరువు దిగుతుంది. అక్కడ పనిచేసే అమ్మాయి నన్ను అన్నిటికంటే ముందు, "మీ అమ్మ చేతులకు బాగా తెల్సిన పనేంది మేడం?" అని అడిగింది. ఆ ప్రశ్న నేను ఎప్పుడో విన్నాను. అప్పుడు ఏ సంస్థా లేదు. మా ఇంటి అరుగు మీద మా అమ్మే అడిగేది.

అవి ఎనభైల చివరి సంవత్సరాలు. మేముండేది రైస్ మిల్లుల వెనక సందులో. తెల్లవారేసరికి వడ్లు ఉడికిన వాసన, దాని వెనకే తవుడు వాసన, మధ్యాహ్నానికి ఆరేసిన తెల్లబట్టల మీద నల్లటి ఊకబూడిద, కాలువకు నీళ్ళొదిలితే సందంతా పాకే చల్లదనం, కోతలైతే మిల్లు గేటు నుంచి మా గుమ్మం దాకా బారులు తీరిన వడ్ల బండ్లు, వాటి కింద నిద్రపోయే రైతులు, ఇవే మాకు కాలాలు. ఊకగుట్ట ఎక్కి జారడం మా ఆట. ఒళ్ళంతా దురదతో ఇంటికి చేరితే అమ్మ చేతిలో వీపు విమానం మోత మోగేది. బతుకమ్మ రోజుల్లో గునుగుపూలకు రంగులద్దీ అద్దీ మా వేళ్ళు వారం దాకా ఆకుపచ్చగా, గులాబీగా ఉండేవి. సద్దులనాడు నువ్వుల సద్ది, పెరుగు సద్ది, బెల్లం నెయ్యి వేసి పిసికిన మలీద ముద్దలు మూటగట్టుకుని కాలువ గట్టుకు పోతుంటే, దారిలోనే సగం ముద్దలు మాయమయ్యేవి.

నాయిన మిల్లులో మిషను నడిపేవాడు. నాయనమ్మ అదే మిల్లులో వయసంతా బియ్యంలో రాళ్ళు ఏరింది. ఆ కాలం బియ్యంలో రాళ్ళకేం కొదవ? తెల్లరాయి, నల్లరాయి, మట్టిపెళ్ళ, వడ్లగింజ. నాయనమ్మ చాట ఒళ్ళో పెట్టుకుని ఎవరితోనో ముచ్చట పెడుతూ, చాటవైపు చూడకుండానే వేలితో రాయిని పక్కకు తోసేది. పని మానేశాక కూడా మా ఇంటి బియ్యం మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. అమ్మ ఏరితే, "కోడలు ఏరిన బువ్వ తింటే పండ్లుంటయా?" అని ఎకసెక్కాలాడేది.

అలాంటి నాయనమ్మ పప్పులో ఉప్పు మళ్ళీ మళ్ళీ వెయ్యసాగింది. నన్ను మా అత్త పేరుతో పిలిచింది. తర్వాత మిట్టమధ్యాహ్నం చీర కుచ్చిళ్ళు సరిగ్గా లేకుండా మిల్లు గేటు దగ్గర నిలబడి, "ఆల్చమైంది, లోపలికి పోనియ్యుండ్రి" అని కావలివాడి కాళ్ళావేళ్ళా పడేది. నాయిన చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంటే సందు సందంతా గుమ్మాల్లోకి వచ్చేది. దవాఖానలో డాక్టరు ముసలితనం అన్నాడు. సందులో వాళ్ళు సోయి దప్పిందన్నారు, గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించమన్నారు. అది ఒక జబ్బని, దానికో పేరుందని చెప్పిన మనిషి ఒక్కరు లేరు.

అమ్మ మాత్రం తాయెత్తు జోలికి పోలేదు. ఒక పొద్దున నాయనమ్మ గేటుకు బయల్దేరుతుంటే చాటలో బియ్యం పోసి, "అత్తా, మిల్లోల్లు నీ పని ఇంటికే పంపిండ్రు" అంది. నాయనమ్మ కూర్చుంది. పొద్దెక్కేదాకా ఏరింది. ఆ రోజు అరుపుల్లేవు, గేటు దగ్గరికి పోవడం లేదు. కానీ ఏరిన బియ్యంలో మర్నాటికి రాళ్ళెక్కడివి? అందుకని అమ్మ ఏరిన రాళ్ళు ఇత్తడి గిన్నెలో దాచి, నాయనమ్మ లేవకముందే వాటిని అవే బియ్యంలో కలిపేసేది. రాళ్ళు కడగడం నా పని. "కడిగి తే బిడ్డా, జల్ది. నాయనమ్మ లేసే యాళ్ళయింది" అని రోజూ అదే తొందర, అదే గుసగుస. నాకది దొంగాటలా భలే సరదాగా ఉండేది.

ఆ సద్దుల బతుకమ్మకు మా పెదనాయిన వచ్చాడు. నాయిన కంటే పెద్దవాడు, కోదాడలో లారీ ఆఫీసులో పని. గుమ్మంలో చెప్పులు విప్పకముందే నాయనమ్మ ఒళ్ళో చాట చూశాడు.

"ఏంటి తమ్ముడూ ఇది? బతుకంతా మిల్లులో ఏరింది చాలదా? పండగ పూట కూడా అమ్మను కూలిదానిలా కూర్చోబెట్టారా?"

నాయనమ్మ తలెత్తకుండా, "పని గాలే, జర ఆగు బిడ్డా" అంది. అదింకా ఆయన్ను మండించింది. మా సందులో వాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదు. పూలు పేర్చుకుంటున్న ఆడవాళ్ళంతా వచ్చి నిలబడి, "కోడలు పని చేపిస్తుందట" అని చెవులు కొరుక్కున్నారు. నాయిన నోరు తెరవబోతే అమ్మ కళ్ళతోనే ఆపింది. తల వంచుకుని నిలబడింది. నాకు అమ్మ మీద పట్టరానంత కోపం వచ్చింది. లోపలికి లాగి అడిగాను, ఎందుకు చెప్పవు అని.

"ఆమె ఇనంగ ఎట్ల జెప్త బిడ్డా? ఇన్నొద్దులు ఉత్తగనే ఏరిన్నని తెలిస్తే ఆమె పానం ఏమయితది?"

తర్వాత అన్నను బయటికి తీసుకెళ్ళి నాయిన ఉన్నమాట చెప్పాడు. పెదనాయిన ఇంకా రెచ్చిపోయాడు. "ఏరిన బియ్యంలో మళ్ళీ రాళ్ళు పోస్తున్నారా? మా అమ్మను పిచ్చిదాన్ని చేసి ఆడుకుంటున్నారా?" అని, మర్నాడే నాయనమ్మను బస్సెక్కించాడు. అమ్మ చాట కూడా ఇవ్వబోయింది. ఆయన తీసుకోలేదు.

కోతలు మొదలయ్యాక నాయిన కోదాడ పోయి ఆమెను వెనక్కు తెచ్చాడు. హుజూర్‌నగర్ మీదుగా వచ్చే బస్సులో పెదనాయిన కూడా వచ్చాడు. నాయనమ్మ వేళ్ళన్నిటికీ గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి. వాళ్ళిల్లు హైవే పక్కనే. తలుపు తీస్తే లారీల కింద పడుతుందేమోనని భయపడి గదిలో పెట్టి గొళ్ళెం వేశారట. లోపల ఆమె గోడ సున్నం గోళ్ళతో గీకి, రాలిన గరుసు ఏరుతూ కూర్చునేదట. అమ్మ ఆ వేళ్ళకు పసుపు నూనె రాస్తూ బోరున ఏడ్చింది. పుండ్లు మానాక, పెదనాయిన మళ్ళీ చూడటానికి వచ్చిన పొద్దున, అమ్మ చాటలో బియ్యం పోసి ఆమె ఒళ్ళో పెట్టింది. నాయనమ్మ దాన్ని తేరిపార చూసింది. అదేమిటో తెలియనట్టు పక్కకు నెట్టేసింది. పెదనాయిన అరుగు మీద కూలబడి, "నాకు తెలీదమ్మా, నాకు తెలీదు" అని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. నాకు ఇప్పటికీ మండేది అందుకే, చెప్పే దిక్కు ఒక్కటి లేకపోయింది కదా అని. ఆ చలికాలంలోనే నాయనమ్మ పోయింది.

ఆ తర్వాత చెవులు కొరుక్కున్న ఆడవాళ్ళే ఒక్కొక్కరూ మా అరుగెక్కారు. "అక్కా, మా మామ గూడ గట్లనే జేస్తుండు" అని చెప్పుకుని ఏడ్చేవారు. అమ్మ వాళ్ళకు చాయ్ పోసి, "ఆయన చేతులకేం పని తెల్సు?" అని అడిగేది.

ఆ సందు ఇప్పుడు లేదు. ఊకగుట్టల మీద షెడ్లు లేచాయి, అరుగులు రోడ్డులో కలిసిపోయాయి. మిల్లుల్లో రాయిని కనిపెట్టి విసిరికొట్టే మిషన్లొచ్చాయి. కొన్న బస్తా మొత్తం వెతికినా ఒక్క రాయి దొరకదు. బియ్యంలో రాళ్ళు లేవని బెంగపడిన మనిషిని నేనొక్కదాన్నేనేమో. ఎదురింటి వాళ్ళు ఇల్లు కట్టుకుంటుంటే ఇసుకకుప్ప ముందు కూర్చుని సన్నరాళ్ళు ఏరుకొచ్చి, కడిగి, బియ్యంలో కలిపి, కొత్త చాటను అమ్మ ఒళ్ళో పెట్టాను. నెట్టేస్తుందేమోనని చాట అంచు పట్టుకునే కూర్చున్నాను.

నెట్టలేదు. వేళ్ళు వాటంతట అవే కదిలాయి. ఏరిన రాళ్ళన్నీ ఇత్తడి గిన్నెలో వేసింది, అది ఆనాటి గిన్నే. అంతా అయ్యాక అటూ ఇటూ చూసి, గిన్నె నా చేతిలో పెట్టి గుసగుసగా అంది.

"కడిగి తే బిడ్డా, జల్ది. నాయనమ్మ లేసే యాళ్ళయింది. ఆమెకు తెల్వనియ్యకు."

"తెల్వనియ్యనమ్మా" అన్నాను. లేచి వెళ్ళి రాళ్ళు కడుక్కొచ్చాను.