రెండు బావుల పేటలో ఈస్టరు విందు

1962 మార్చిలో నన్ను నల్గొండ నుంచి వరంగల్ మునిసిపాలిటీకి శానిటరీ ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. సొంత ఊరికే వస్తున్నానని మా అమ్మ సంబరపడింది. మా నాయనకు బజారులో బియ్యం దుకాణం. కొడుకు ఆఫీసరై తిరిగొచ్చాడని వచ్చిన బేరగాళ్లందరికీ చెప్పాడు గానీ, ఏ ఆఫీసరో మాత్రం ఎవరికీ చెప్పలేదు. మోరీలు, పాయిఖానాలు, కుళ్లిన పండ్లు, పాడుబడ్డ బావులు చూసే ఉద్యోగమని బియ్యం బజారులో ఎట్లా చెప్పుకుంటాడు పాపం.

మా శాఖలో పైన డాక్టరు చదివిన హెల్త్ ఆఫీసరు, కింద టీకాలు వేసేవాళ్లు, మేస్త్రీలు, సఫాయి పనివాళ్లు ఉండేవారు. మధ్యలో నేను. మా చేతిలో ఉన్న ఆయుధం నోటీసు ఒక్కటే. కోసిన పండ్లు అమ్మొద్దనీ, ఫలానా బావి వాడొద్దనీ, జనం గుమిగూడి భోజనాలు చేయొద్దనీ నేను రాసి పంపితే హెల్త్ ఆఫీసరు సంతకం పెట్టేవారు. అందుకే నా సైకిలు గల్లీలోకి తిరిగిందంటే మిఠాయి దుకాణం వాళ్లు పళ్లేల మీద గుడ్డలు కప్పేవాళ్లు. నేను దాటగానే తీసేవాళ్లు. అదీ తెలుసు నాకు.

నా వార్డులో కొత్తవాడ అవతల ఒక క్రైస్తవుల పేట ఉండేది. మగవాళ్లలో కొందరు మిల్లుకు పోయేవారు, కొందరు మగ్గాల మీద జంపఖానాలు నేసేవారు. పేట నడుమ పెంకుల కప్పుతో చిన్న గుడి, దానికి అటూ ఇటూ మీది గల్లీ, కింది గల్లీ అని రెండు గల్లీలు, గల్లీకొక బావి. తాతల కాలంలో బాప్తిస్మం తీసుకున్నది రెండు కులాల వాళ్లు. గుడి ఒక్కటైంది గానీ బావులు రెండుగానే మిగిలాయి. మీది గల్లీ వాళ్లు కింది గల్లీ వాళ్లకు నీళ్లివ్వాల్సి వస్తే చెంబు పైకెత్తి, తగలకుండా దోసిట్లో పోసేవారు. ఆదివారం మాత్రం అందరూ ఒకే గుడిలో కూర్చుని ఒకే కీర్తన పాడేవారు.

ఆ పేటలో ఒక ఆచారం ఉంది. ఈస్టరుకు ముందు శ్రమల దినాలు మొదలైనప్పటి నుంచి ప్రతి ఇంట్లో ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేస్తారు. పండుగనాడు ఆ బియ్యమంతా గుడి దగ్గరికి చేర్చి వండుకుని తింటారు. దాన్ని ప్రేమవిందు అంటారు. పేరు అంత బాగున్నా, అప్పటిదాకా గుడికి అటో పొయ్యి, ఇటో పొయ్యి. ఎవరి బంతి వాళ్లదే. ఆ ఏడు సంఘపెద్దలు కూర్చుని, చాలా వాదన అయ్యాక, ఒకే పొయ్యి, ఒకే బంతి అని తీర్మానించారు. వంట పెత్తనం ఎస్తేరమ్మకు అప్పగించారు.

ఎస్తేరమ్మ కింది గల్లీ మనిషి. యాభై దాటిన వితంతువు. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీగా ఆ సంఘంలో పనిచేసేది. రెండు గల్లీల ఆడపిల్లలకూ దావీదు కీర్తనలు నేర్పింది ఆమే. మీది గల్లీ వాకిళ్లలో కూర్చుని ఏళ్ల తరబడి పాటలు నేర్పింది, ఏళ్ల తరబడి దోసిలి పట్టే నీళ్లు తాగింది. ఆమె చేతి వంట ఆ వాకిళ్ల వాళ్లు తినడమంటే ఏమిటో నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

పండుగ ఇంకో వారం ఉందనగా కింది గల్లీలో ఇద్దరికి వాంతులు, భేదులు పట్టుకున్నాయి. కలరా. మా పనిలో అప్పుడు మొదట చేసేది రోగిని దవాఖానలో అంటురోగాల వార్డుకు చేర్చడం, ఆ వెంటనే బావి సంగతి చూడడం. బావి వెడల్పు, నీటి లోతు కొలిచి, దానికి సరిపడా బ్లీచింగ్ పౌడరు బకెట్లో కలిపి, మడ్డి అడుగుకు దిగాక పైన తేరిన నీటిని మాత్రం బావిలోకి దించి బాగా ఆడించాలి. కొంతసేపటి తర్వాత ఆ నీళ్లు గాజు గొట్టంలో పట్టి ఒక మందు చుక్క వేస్తే పసుపు రంగు తిరగాలి. తిరిగితే మందు పనిచేస్తున్నట్టు. ఎండలకు రెండు బావులూ అడుగంటుతున్నాయి. నేల కింద నీటికి గల్లీలు తెలియవు కాబట్టి రెండింటిలోనూ మందు కలిపించాను. పేటంతా సూదులు వేయించాను. మీది గల్లీలో ఇది నచ్చలేదు. రోగం అక్కడైతే వాసన నీళ్లు మాకెందుకని గొణిగారు.

మర్నాడు పొద్దున సమూయేలు అనే పెద్దాయన మా ఆఫీసుకు వచ్చాడు. మిల్లులో కూలీలను నడిపించే జాబరుగా చేసి దిగిపోయిన మనిషి, మీది గల్లీకి పెద్దదిక్కు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సారు, గీ యేడు ఎవల పొయ్యి వాళ్లకుండెటట్టు ఒక కాయితం రాయుండ్రి. కింది గల్లీ వాళ్లు వండొద్దని రాస్తె సాలు" అన్నాడు.

ఇదేదో పాత అంటరానితనమే కొత్త చొక్కా వేసుకొచ్చిందని నా మనసుకు తట్టింది. అది ఆయన కనిపెట్టినట్టున్నాడు.

"నేను కులం మాట అంటలేను సారు. ఎన్కట మా మనుమరాలు గీ రోగంతోనే పోయింది. పొద్దుగాల ఆడుకున్న పిల్ల మాపటికి లేదు" అంటూ కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

ఆ దుఃఖం నిజమైనదే. ఆయన అడిగిన కాగితంలో భయమెంతో, అలవాటెంతో ఆయనకే తెలియదని నాకు అనిపించింది. చూసి చెబుతానని పంపించాను.

ఆ సాయంత్రం నేను కింది గల్లీ బావి దగ్గర నీళ్లు పరీక్ష చేస్తుంటే ఎస్తేరమ్మ వచ్చి నిలబడింది. సమూయేలు నా దగ్గరికి వచ్చిన సంగతి అప్పటికే పేటంతా తెలిసిపోయింది. విందు జరగనివ్వమని బతిమాలుతుందనుకున్నాను. అదేం లేదు.

"రోగం మంచిది కాదు సారు. మీరు వద్దంటె విందు బంద్ పెడ్తం, ఫికర్ లేదు. గని వద్దంటె అందరికి వద్దనుండ్రి. మాకొక్కలకే వద్దనకుండ్రి" అంది. ఆ మాట చెప్పి, నా జవాబు కోసం ఆగకుండానే వెళ్లిపోయింది.

విందు మొత్తాన్ని ఆపేయడం నాకు చాలా తేలిక. అంటురోగం ఉన్నచోట సామూహిక భోజనాలు ఆపమని రాస్తే ఏ పై అధికారీ నన్ను తప్పుపట్టడు. కానీ అంత వాదన మీద కుదిరిన తీర్మానం ఒక ఏడు వాయిదా పడితే మళ్లీ కుదరదని నాకు తెలుసు. పైగా నేను పుట్టి పెరిగిన ఇల్లు కూడా అలాంటి పట్టింపులదే. కలరా వార్డు నుంచి వస్తే మా అమ్మ నన్ను పెరట్లోనే ఆపి, బట్టలు విప్పించి, తలమీద నీళ్లు పోసేది. అది ఆరోగ్య సూత్రమే, నేను బడుల్లో చెప్పేదీ అదే. కానీ రోగం లేని గల్లీ నుంచి వచ్చినా, అక్కడ ఉండేది ఎవరో అడిగి మరీ పోసేది. శుభ్రం ఎక్కడ అయిపోయి మడి ఎక్కడ మొదలవుతుందో ఆమెను చూసే నేర్చుకున్నాను.

హెల్త్ ఆఫీసరు దగ్గరికి వెళ్లి, దవాఖానలో ఉన్న ఇద్దరూ కోలుకుంటున్నారనీ, కొత్తగా ఎవరూ పడలేదనీ, బావుల్లో మందు నిలుస్తోందనీ చెప్పాను. పండుగకు ముందురోజు దాకా ఇలాగే ఉంటే షరతుల మీద విందు జరగవచ్చని రాశాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, తేడా వస్తే ముందు పోయేది నా ఉద్యోగమే అని నవ్వుతూ చెప్పి సంతకం పెట్టారు. షరతులు రెండు గల్లీలకూ ఒకటే. మజ్జిగ లేదు, పచ్చి ఉల్లిగడ్డ లేదు, కోసిన పండు లేదు. పొయ్యి మీది నుంచి దించిన అన్నం వేడిగానే వడ్డించాలి. తాగే నీళ్లు అందరి ముందూ మరగకాచాలి. ఇంటి నుంచి ఎవరూ నీళ్లు తెచ్చుకోకూడదు.

పండుగనాడు తెల్లవారుజామున ఆరాధన. హన్మకొండ నుంచి పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేయించారు. నేను వాకిట్లో నిలబడి విన్నాను. పొద్దెక్కాక గుడి ముందు పొయ్యి వెలిగింది. ఇంటింటి పిడికిళ్లూ కలిసిన బియ్యం చూసి, దుకాణం పుట్టుక కదా, నాకు నవ్వొచ్చింది. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, నూకలు అన్నీ ఒకేచోట. మా నాయన చూస్తే బేరం చేయకుండానే లేచిపోయేవాడు. ఎస్తేరమ్మ మాత్రం నూకలు ముందే చెరిగి తీసి, మిగతావి జల్లెడ పట్టి, దొడ్డుబియ్యం ముందు వేసి, సన్నబియ్యం తర్వాత వేసి ఎట్లాగో సరిచేసింది.

మీది గల్లీ వాళ్లు వచ్చారు గానీ గుడి మెట్లు దాటి ఇవతలికి రాలేదు. కొందరు ఆడవాళ్ల కొంగుల చాటున చెంబులున్నాయి. ఆ నీళ్లు పారబోయమని నేను చెప్పాల్సి వచ్చింది. వాళ్ల చూపులు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. పెద్ద గంగాళంలో నీళ్లు మరగడం మొదలైంది. ఒక పొంగు వస్తే చాలదు, బాగా తెర్లుతూ కొంతసేపు ఉండాలని చెప్పాను.

"ఎంతసేపు సారు?" అని సమూయేలు మెట్ల మీది నుంచే అడిగాడు.

నేను గడియారం చూసుకునే లోపల ఎస్తేరమ్మ జవాబు చెప్పింది. "కీర్తన అయ్యేదాంక, పెద్దయ్యా" అంది.

అని, పొయ్యి దగ్గరే నిలబడి మొదలుపెట్టింది. ప్రతి చరణానికీ అందరూ ఒకే జవాబు పాడే పొడుగాటి దావీదు కీర్తన అది. ఆ పేటలో చదువొచ్చిన వాళ్లు తక్కువ. కాబట్టి ఒకరు చరణం అందిస్తే మిగతావాళ్లు విని అందుకుంటారు. అక్కడ ఇంకో పట్టింపు కూడా ఉంది. కీర్తన ఎత్తుకుంటే చెవిన పడ్డవాళ్లు జవాబు చెప్పకుండా ఉండరు. నెత్తిన కట్టెలమోపు ఉన్నా సరే, ఆగి జవాబు పాడి పోవాల్సిందే. చరణాన్ని ఉత్తగా వదిలేయడం వాళ్లకు దేవుణ్ణి వాకిట్లో నిలబెట్టి తలుపు వేసినంత తప్పు.

మెట్ల దగ్గరి వాళ్లు మొదటి జవాబు అక్కడి నుంచే పాడారు. కానీ అది గుడి లోపల కాదు, బయలు. మంట చిటపటలు, గంగాళం చప్పుడు. రెండో చరణం వాళ్లకు సరిగా వినబడలేదు. వినడానికి ఇద్దరు ఆడవాళ్లు ముందుకు జరిగారు. వాళ్ల వెనకవాళ్లకు మళ్లీ వినబడక వాళ్లూ జరిగారు. ఎస్తేరమ్మ గొంతు పెంచలేదు. కావాలని పెంచలేదో, పొగకు పెంచలేకపోయిందో నేను అడగలేదు. చూస్తుండగానే జనం పొయ్యి చుట్టూ చేరారు. మీది గల్లీ, కింది గల్లీ భుజాలు రాసుకుంటూ జవాబు పాడుతున్నాయి. గడియారం చూస్తే నేను అడిగినదానికంటే ఎక్కువసేపే నీళ్లు మరిగాయి.

జంపఖానాలు పరిచి మోదుగాకుల విస్తర్లు వేశారు. ఎవరూ ముందు కూర్చోలేదు. సమూయేలు నా వైపు తిరిగి, "మీరు తింటరా సారు?" అని అడిగాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. తినొచ్చని కాగితం ఇచ్చినవాణ్ణి అడగాల్సిన మాటే అడిగాడు. బయట అన్నం ముట్టని ఇంట్లో పుట్టిన నేను విస్తరి ముందు కూర్చున్నాను. ఆయన కాసేపు నిలబడి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత బంతి నిండింది.

అన్నం అక్కడక్కడ పలుకుగా ఉంది, పప్పు బాగుంది. ఎస్తేరమ్మ చెంబుతో కాచిన నీళ్లు పోస్తూ వచ్చింది. సమూయేలు దగ్గరికి వచ్చేసరికి, ఇన్నేళ్ల అలవాటు కదా, తగలకుండా చెంబు పైకెత్తి పోసింది. నీళ్లు సగం గ్లాసులో, సగం జంపఖానా మీద పడ్డాయి. ఆయన గ్లాసు పైకెత్తి చెంబు అంచుకు ఆనించి పట్టుకున్నాడు.

"జర వంచి పొయ్యి చెల్లె, నీళ్లన్ని కింద పోతానయ్" అన్నాడు.

ఆమె చెంబు వంచింది. గ్లాసు నిండేదాకా ఆయన తియ్యలేదు.

ఆ సాయంత్రం మా అమ్మ పెరట్లో అడిగితే ఉన్న సంగతి చెప్పాను. మామూలు కంటే రెండు బిందెలు ఎక్కువ పోసింది. అన్నం మాత్రం పెట్టింది. తర్వాత వారమంతా నేను ఆ పేట ఇల్లిల్లూ తిరిగాను. కొత్త కేసు రాలేదు. వచ్చి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది, దాన్ని నేను చెప్పుకునేవాణ్ణీ కాను.

ఒక్క భోజనంతో పేట మారిపోలేదు. మునిసిపల్ కుళాయి వచ్చేదాకా బావులు రెండుగానే ఉన్నాయి. మారింది నా రాత. ఆ తర్వాత రిటైరయ్యే వరకు రాసిన ఏ నోటీసులోనూ ఫలానా గల్లీ వాళ్లు, ఫలానా వాడ వాళ్లు అని రాయలేదు. బావి ఎక్కడుందో రాశాను, నీళ్లలో ఏముందో రాశాను. సంతకానికి పంపే ముందు ప్రతి నోటీసునూ ఎస్తేరమ్మ మాటతో ఒకసారి సరిచూసుకునేవాణ్ణి. వద్దంటే అందరికీ వద్దన్నట్టు లేని కాగితాన్ని చించి మళ్లీ రాసేవాణ్ణి.