అక్రింగ్టన్ స్కోరుబోర్డులో ఆఖరి గడి

రెండు నెలల కిందటి వరకు నాకు బేస్‌బాల్ అంటే ముందుకు అంచు ఉన్న టోపీ మాత్రమే. లండన్‌లో మ్యూజియం స్టడీస్ చదువుతున్నాను. కోర్సులో భాగంగా ఏదైనా చిన్న ప్రదర్శనకు పని చేయాలంటే నా వంతుకు అక్రింగ్టన్ వచ్చింది. ఉత్తర ఇంగ్లండులోని లాంకషైర్‌లో, ఒకప్పుడు నూలు మిల్లులతో బతికిన ఊరు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కొన్నాళ్లు అక్కడ డబ్బిచ్చి ఆడించిన బేస్‌బాల్ జట్టు ఒకటి ఉండేదట. జట్టు పేరు వీవర్స్, అంటే నేతగాళ్లు. ఊళ్లోని చరిత్ర బృందం వాళ్లు పాత ఫోటోలు స్కాన్ చేసి పంపేవారు. జట్టు జ్ఞాపకాల్లో మిగిలిన ఆరు ఘట్టాలకు, ఒక్కో ఫోటో కింద అరవై మాటలకు మించకుండా వివరణ రాయడం నా పని. అరవై మాటల్లో ఒక మధ్యాహ్నాన్ని పట్టుకోవాలి. ఒక్కో మాటనూ చెవి దగ్గర పెట్టుకుని విన్నట్టుగా రాశాను. తొలి ఆటలో ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియక, అవుటైన ప్రతివాడికీ లేచి నిలబడి చప్పట్లు కొట్టిన జనం, బస్సు డ్యూటీ ఆలస్యమై కండక్టరు యూనిఫామ్‌లోనే మైదానంలోకి పరుగెత్తిన ఆటగాడు, గోడ దాటి కాలువలో పడ్డ బంతి కోసం ఆగిన ఆట, ఇవన్నీ రాస్తుంటే లండన్ శివారు హౌన్స్‌లోలో నా చిన్న గది నాకు గుర్తుండేది కాదు.

చిక్కు ఆరో ఫోటోతో వచ్చింది. అది జట్టు ఆడిన చివరి ఆట. ఫోటోలో పెద్ద చెక్క స్కోరుబోర్డు, దాని ముందు గొడుగులు వేసుకున్న జనం. బేస్‌బాల్‌లో రెండు జట్లూ మార్చి మార్చి తొమ్మిదేసి సార్లు బ్యాటింగ్ చేస్తాయని అప్పటికి చదివి ఉన్నాను. పై వరుసలో బయటి ఊరి జట్టుకు తొమ్మిది గడుల్లోనూ అంకెలున్నాయి. కింది వరుసలో వీవర్స్‌కు ఎనిమిదే ఉన్నాయి. తొమ్మిదో గడిలో అంకె లేదు, ఇంటూ గుర్తు ఉంది. మొత్తం పరుగులు రాసే చోట ఎవరిదో గొడుగు అడ్డం వచ్చింది. ఇంట్లో మేం ముగ్గురం తెలుగు వాళ్లం, ముగ్గురమూ క్రికెట్ చూస్తూ పెరిగిన వాళ్లమే. ఫోటో చూపిస్తే కర్నూలు నుంచి వచ్చిన నా హౌస్‌మేట్ హరిత ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "గొడుగులు కనపడల్యా? వాన పడింది, వీళ్లకి ఆఖరి బ్యాటింగ్ దొరకలా. మ్యాచ్ క్యాన్సిల్," అంది. నాకూ అదే సబబనిపించింది. వాన వల్ల వీవర్స్ చివరి ఆట ఫలితం తేలకుండానే ఆగిపోయిందని, చాలా అందంగా, కాస్త విషాదంగా రాసి పంపేశాను.

పోయిన బుధవారం చరిత్ర బృందం నుంచి ఈమెయిల్ వచ్చింది. ఆ చివరి ఆటలో వీవర్స్ తరఫున బంతి విసిరిన పిచర్, అంటే మన బౌలర్ లాంటివాడు, ఆయన కూతురు జీన్ గారికి ఇప్పుడు ఎనభై దాటాయి. ఆ ఆటలో వాడిన బంతిని ప్రదర్శనకు ఇస్తానన్నది ఆమే. నా వివరణ చదివాక బంతి ఇవ్వనన్నారట. చివరి ఆట గెలిచామన్నట్టుగానే వాళ్ల నాన్న బతికినంత కాలం చెప్పేవారట. నేను రాసింది నిజమైతే ఆయన కూతురికి అబద్ధం చెప్పినట్టే. బోర్డులు సోమవారం ముద్రణకు వెళ్లాలి. శనివారం జీన్ గారు అసలు ఫోటోతో చర్చి హాలుకు వస్తున్నారు, వీలైతే నువ్వూ రా అని రాశారు. నా రాత తప్పని తేలితే బాగుండునని కోరుకుంటూ టికెట్టు కొన్న ప్రయాణం నా జీవితంలో ఇదొక్కటే.

ప్రదర్శనకు వెళ్లాలనుకునే వాళ్లకు దారి కష్టమేమీ కాదు. పొద్దున్నే హౌన్స్‌లో సెంట్రల్‌లో పికడిలీ లైను ఎక్కి, గ్రీన్ పార్కులో మారి యూస్టన్ చేరాను. అక్కడి నుంచి ప్రెస్టన్‌కు రెండు గంటల పైచిలుకు, ప్రెస్టన్ నుంచి కోన్ వైపు వెళ్లే చిన్న రైల్లో మరో అరగంట. విద్యార్థుల రైల్‌కార్డు ఉంటే, ముందుగా కొనుక్కుంటే రానూపోనూ యాభై పౌండ్ల లోపు వస్తుంది. యూస్టన్ నుంచి విడి విడి టికెట్లు కాకుండా అక్రింగ్టన్ వరకూ ఒకటే తీసుకోండి, మధ్యలో రైలు ఆలస్యమైతే తర్వాతి దానిలో ఎక్కనిస్తారు. ప్రెస్టన్ దాటాక పచ్చిక గుట్టలు, వాటి మీద పేర్చిన రాతి గోడలు, మధ్య మధ్యలో పొగ మానేసిన మిల్లు గొట్టాలు. ఊరు చేరేసరికి ఇళ్లన్నీ ముదురు ఎర్ర ఇటుకవే. కిటికీకి తల ఆనించి అన్నీ చూస్తున్నానే గానీ, జీన్ గారికి మొదటి మాట ఏం చెప్పాలన్నదే లోపల తిరుగుతోంది.

అక్రింగ్టన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో ఎవరైనా దారి చెప్పగలరా అని అడిగితే, వసంత ఆంటీ తనే స్టేషన్‌కు వస్తానన్నారు. వరంగల్ ఆవిడ, దగ్గర్లోని ఆసుపత్రిలో ఫార్మసిస్టు. డ్యూటీ పట్టికలో ఆ శనివారం సెలవు పడిందట. కారెక్కగానే ముందు తిన్నావా అని అడిగారు. లేదంటే వెనక సీటులోంచి డబ్బా తీసి చేతిలో పెట్టారు, పులిహోర. నేను ఒక పక్క తింటూ విషయం చెప్పాను. ఆంటీ ఇక్కడికి రాకముందు ఐదేళ్లు అమెరికాలో ఉన్నారట. "నాకు బేస్‌బాల్ ఏం రాదు బిడ్డా. మా ఆయన హాస్పిటల్‌ల టికెట్లు ఇస్తే ఎండల కూసుందామని పోయెటోళ్లం. సకినాలు పట్టుకపోతుంటి. పిల్లలు ఆట చూసేది, నేను పిల్లలను చూసేది," అన్నారు. ఆ మాటకు నాకు ఆశేమీ కలగలేదు. ఆవిడ కూడా నాకు సాయంగా వస్తున్నానే తప్ప ఇంకేమీ అనుకోలేదు.

చర్చి హాలులో బల్లల మీద నా వివరణల నమూనాలు పరిచి ఉన్నాయి. జీన్ గారు ఆరో దాని ముందు కుర్చీ వేసుకుని కోటు విప్పకుండానే కూర్చున్నారు. నన్ను చూసి కోప్పడతారనుకున్నాను. దూరం నుంచి వచ్చావు, టీ తాగమన్నారు. ఆ మర్యాదకు నాకు మరింత భయమేసింది. వాళ్ల నాన్న పగలంతా మిల్లులో మగ్గాలు బాగుచేసేవారట, శనివారాలు ఆట. యుద్ధం వచ్చాక జట్టు మళ్లీ కూడలేదు. ఆయన ఏ విషయంలోనూ గొప్పలు చెప్పుకునే మనిషి కాదు, ఈ ఒక్క ఆట గురించి తప్ప.

"ఆ రోజు మావాళ్లని తొందరగా ఇంటికి పంపించేశాను అనేవాడు," అన్నారు జీన్ గారు, నా వివరణ మీద వేలు పెట్టి. "గెలిచిన సంగతి గొప్పగా చెబుతున్నాడనుకునేదాన్ని. నువ్వు రాసింది చదివాక అర్థమైంది. వానకి అందరూ ఇళ్లకి పోయారన్నమాట. ఇన్నేళ్లూ ఆయన నిజమే చెప్పాడు, నేనే గెలుపనుకున్నానేమో."

ఆవిడ తెచ్చిన అసలు ఫోటో వైపు తిరిగాను. అది నా లాప్‌టాప్‌లో చూసిన దానికంటే చాలా పెద్దది, గొడుగుల కింద మొహాలు కూడా తెలుస్తున్నాయి. వసంత ఆంటీ కళ్లజోడు పెట్టుకుని నా భుజం మీదుగా వంగారు. కాసేపు చూసి, తెలుగులో మెల్లగా అడిగారు.

"వాన పడి ఆగిందని ఎవలన్నరు?"

"మేమే ఆంటీ. ఆఖరి గడిలో అంకె లేదు కదా."

"అంకె లేకపోతేంది, ఇంటూ ఉన్నది గద. ఆగిపోతే గడి ఖాళీగ ఉంటది. ఇంటూ పెట్టిన్రంటే ఆడే పనిలేదని. అక్కడ ఎన్నిసార్లు చూసిన్నో. సొంతూరి టీమ్ రెండోది బ్యాటింగ్ చేస్తది. వాళ్లు అప్పటికే ముందుంటే ఇంక ఆఖరిసారి ఎందుకు ఆడుతరు? మన చేజింగ్‌ల టార్గెట్ కొట్టినంక మిగిలిన ఓవర్లు ఎవలన్న ఆడుతరా బిడ్డా?"

నేను గడుల మీద వేలు పెట్టి కూడి చూశాను. నిజానికి ఇంత చిన్న కూడిక నేను లండన్‌లోనే చేయాల్సింది. పై వరుస తొమ్మిది గడులూ కలిపితే మూడు. కింది వరుస ఎనిమిది గడులకే నాలుగు. బయటి జట్టు తొమ్మిదోసారి బ్యాటింగ్ చేసినప్పుడు సమం చేయడానికి వాళ్లకు కావలసింది ఒక్క పరుగు. ఆ గడిలో సున్నా ఉంది. ఆ సున్నా జీన్ గారి నాన్న విసిరినది. మళ్లీ కూడి చూశాను. మొహమంతా వేడెక్కింది, అది సిగ్గో సంతోషమో చెప్పలేను. జీన్ గారు మా ఇద్దరి మొహాలనూ మార్చి మార్చి చూస్తున్నారు, ఒక్క మాటా అర్థం కాక. ఆంటీ చెబుతారేమోనని చూశాను. "నువ్వే చెప్పు. రాసినదానివి నువ్వు," అన్నారు.

చెప్పాను. అరవై మాటలకు చాలా మించిపోయింది. జీన్ గారు మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక కుర్చీ దగ్గరకు జరుపుకుని, తనే ఒక్కో గడినీ ముట్టుకుంటూ పెదవులు కదుపుతూ కూడుకున్నారు. ఇంటూ గుర్తు దగ్గర వేలు ఆగింది.

"అంటే మావాళ్లు మళ్లీ బ్యాటు పట్టాల్సిన అవసరమే లేకుండా చేశాడు," అన్నారు. వేలు అక్కడి నుంచి తీయకుండానే, "తొందరగా ఇంటికి పంపించేశాను అంటే అదన్నమాట."

అప్పుడు కోటు విప్పారు. నాకు మాత్రం ఇంకా ఒక అనుమానం మిగిలే ఉంది, అడగకపోతే నిద్ర పట్టదు. మరి ఆ గొడుగులు ఎందుకని అడిగాను. జీన్ గారు మొదటిసారి నవ్వారు.

"ఇది లాంకషైర్, లవ్. ఇక్కడ గొడుగులు ఎవరూ వేసుకోని ఫోటో నీకు దొరికితే అప్పుడు అనుమానించు."

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి టీ టవల్ చుట్టిన బంతిని తీశారు. ఇవ్వనన్నా, ఎందుకో వెంట తెచ్చుకున్నారు. తోలు పాత పళ్లలా పసుపుబారింది, కుట్లు మాత్రం ఇంకా ఎర్రగానే ఉన్నాయి. దాన్ని ఫోటో పక్కన పెట్టి, దొర్లకుండా టవల్‌ను చుట్ట చేసి కింద సర్దారు. ఆరో వివరణను అక్కడే కూర్చుని మళ్లీ రాశాను. జీన్ గారు బంగాళాదుంపలు, ఉల్లిపాయలు పెట్టి చేసిన 'బటర్ పై' అనే అక్కడి వంటకాన్ని ముక్కలు కోసి ఇస్తూ, ప్రతి వాక్యమూ పైకి చదివించుకున్నారు. 'బహుశా' అన్న మాట ఒకచోట వాడితే తీసేయమన్నారు. తీసేశాను.

సాయంత్రం స్టేషన్ దగ్గర దించుతూ ఆంటీ అడిగారు, మీ ఇంట్లో క్రికెట్ పండితులు ఎంతమందున్నారని. ముగ్గురమన్నాను. "ముగ్గురు గలిసి పాపం ఒక పెద్దమనిషి మీద వాన కురిపిచ్చిన్రు," అన్నారు, మిగిలిన పులిహోర డబ్బా నా సంచిలో పెడుతూ. రైలు కదిలాక హరితకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. "చేజింగ్ గదా, ఛీ, మనకెట్ల తట్టల్యా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ప్రెస్టన్ వచ్చే లోపే నాకు నిద్ర పట్టేసింది. బుధవారం తర్వాత అంత హాయిగా పడుకున్నది అప్పుడే.

మాటల మీద కొత్తగా మోజు పడ్డవాళ్లకు ఒక ప్రమాదం ఉందని ఈ ప్రయాణంలో తెలిసింది. వాక్యం బాగా కుదిరితే అది నిజం కూడా అయ్యుంటుందని నమ్మేస్తాం. వాన, ఆగిపోయిన ఆట, చెదిరిన జట్టు, ఎంత బాగా అమిరాయో. అసలు జరిగినదానికి అంత అలంకారం లేదు. ఒక మనిషి తన పని పూర్తి చేసి, బంతి చేతిలో పట్టుకుని ఇంటికి వెళ్లాడు. అలా చెప్పడానికి నాకు ఇరవై మాటలు కూడా పట్టలేదు. మిగిలిన చోటు ఖాళీగా వదిలేయమన్నాను, అక్కడ ఫోటో కాస్త పెద్దదిగా పడుతుంది.

ప్రదర్శన ఆ చర్చి హాల్లోనే మొదలవుతుంది. వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. శనివారం మధ్యాహ్నానికి ముందే హాలుకు చేరండి, జీన్ గారు అప్పుడే ఉంటారు. బంతిని ఒకసారి పట్టుకోనిస్తారా అని అడిగితే ముందు కుదరదంటారు. వెళ్లిపోకండి. ఆఖరి గడిలో అంకె ఎందుకు లేదని అడగండి.