ఆవిరిలో ఉప్పు చూసే మా అక్క

ఇది అప్పుడే రాసిపెట్టుకోవలసిన సంగతి, కాని అప్పుడు నాకు అక్షరాలు రావు. తమిళనాడులో ఉన్న మా రాజపాళయంలో మా వీధి వీధంతా ఇళ్ళలో తెలుగే మాట్లాడుతుంది గాని బస్సు మీద పేరు, రేషను కడ అనే రేషను అంగడి బోర్డు, మిల్లు గేటు మీద రాత అన్నీ అరవమే; ఆ అరవమూ నాకు రాదు, ఎందుకంటే బడిలో వేయవలసిన వయసులో నన్ను మిల్లులో నూలు చుట్టే పనిలో వేశారు. బస్సు రంగును బట్టీ, కండక్టరు ముఖాన్ని బట్టీ ఇది సేత్తూరు బస్సు, ఇది తళవాయిపురం బస్సు అని పోల్చుకుని ఎక్కేదాన్ని, ఒక్కోసారి కండక్టరు మారితే ఇంకో ఊళ్ళో దిగి ఏమీ ఎరగనట్టు తిరిగి వచ్చేదాన్ని. నా కోడలు చిత్తూరు వైపు పిల్ల, తెలుగు బడిలో చదివింది. కరోనాకు ఊరంతా మూసేసిన రోజుల్లో పొద్దుపోక ఒకనాడు వాకిట్లో మిగిలిన ముగ్గుపిండితో బండ మీద ఒక అక్షరం రాసి, రోజూ వేసే మెలికే కదా అత్తా, దీనికి ఒక పేరుంది అంతే అంది. ముగ్గు వేసే చేతికి మెలికలు కొత్త కాదు గనుక చెయ్యి తొందరగానే నేర్చుకుంది, బుద్ధి మాత్రం చాలా కాలం తీసుకుంది.

నిన్న పాత చేసంచి దులుపుతుంటే అడుగున ఒక మాస్కు కనబడింది. మా పక్క ఊళ్ళలో నేసే బ్యాండేజీ గుడ్డను మడతలు పెట్టి మా అక్క కుట్టిన మాస్కు అది; అంచున ఇప్పటికీ పసుపు మరక ఉంది. ఆ మరక ఎక్కడ పడిందో గుర్తుకు రాగానే, ఇప్పుడు అక్షరాలు వచ్చు కదా, ఇంకా ఎందుకు ఆగడం అనిపించింది.

మా అక్క రెండిళ్ళ అవతల ఉంటుంది. బావ పోయాక ఒక్కతే. పిల్లలు లేరు, నా పిల్లలే ఆమె పిల్లలు. అమ్మ తొందరగా పోవడంతో చిన్నప్పటి నుంచీ మాకు వండిపెట్టింది అక్కే. ఆమె వంటలో ఒక పద్ధతి ఉండేది. పొయ్యి మీద ఉన్నది ఏదీ నోట్లో వేసుకుని చూసేది కాదు, మమ్మల్ని చూడనిచ్చేదీ కాదు. ముందు ఒక ముద్ద గోడ మీద కాకికి పెట్టాలి, అంటే మా ఇంట్లో పోయిన పెద్దవాళ్ళకన్నమాట, ఆ తర్వాతే మనుషులకు. అంతకు ముందు ఎవరి నాలుక తగిలినా అది ఎంగిలి. మరి ఉప్పు ఎలా తెలిసేదంటే, మూత తీసి, ఆవిరిని అరచేత్తో ముక్కు వైపు తోసుకుని, కళ్ళు మూసుకుని ఒక క్షణం నిలబడేది. ఇంకొక చిటికెడు పడాలి అనేది, లేకపోతే చాలు అనేది. ఆ మాట తప్పడం నేను చూడలేదు. నా వయసువాళ్ళలో ఇలాంటి ఆడవాళ్ళను చూసినవాళ్ళు ఉంటారు, వాళ్ళు నన్ను నమ్ముతారు; నా కోడలు మాత్రం మొదట నమ్మలేదు, రెండుమూడు పండగలు తిన్నాక నమ్మింది.

మిల్లులో పనిచేసే రోజుల్లో మాకు పెద్ద సరదా ఏమిటంటే కొండ మీద వాన పడి అయ్యనార్ అరువిలో నీళ్ళు దూకుతున్నాయని తెలిసిన తర్వాత వచ్చే మొదటి సెలవు. అరువి అంటే జలపాతం, జలపాతం అన్న తెలుగు మాట కోడలు చెప్పేదాకా నాకు తెలియదు. పొద్దున్నే అక్క రాతిచట్టిలో చింతపండు పులుసు కాచి, ఇంగువ వేసి, అన్నంలో కలిపి పెద్ద తూక్కు గిన్నెకు, అంటే పట్టుకుపోయే పిడి ఉన్న మూతగిన్నెకు, ఎత్తేది. దాన్ని మేము పులిసాదం అంటాం, మీరు పులిహోర అనవచ్చు. ఆ తూక్కును ఒళ్ళో పెట్టుకుని బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, మూత సందులోంచి వచ్చే వాసనకు ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. నీళ్ళలో నాని నాని వేళ్ళు ముడతలు పడ్డాక బండ మీద గుండ్రంగా కూర్చునేవాళ్ళం, అక్క మధ్యలో కూర్చుని మెదిపి ఒక్కొక్కరి అరచేతిలో ఒక్కొక్క ముద్ద పెట్టేది. ఆకులు, పళ్ళేలు ఏమీ ఉండవు. మిల్లులో దూది పీల్చి పీల్చి బిగిసిన రొమ్ము ఆ ఒక్కరోజు తెరుచుకున్నట్టుండేది.

తర్వాత ఆ జబ్బు వచ్చింది. మా వీధికి రెండు వైపులా రేకులు కట్టారు, బ్లీచింగు పొడి చల్లారు, కబసుర కషాయం అని చేదునీళ్ళు పోశారు. రెండో విడతలో అక్కకు జ్వరం వచ్చింది. ఆసుపత్రి దాకా పోకుండానే తగ్గింది. నా కోడలు గంజి తీసుకుపోయి గడప మీద పెట్టి వచ్చేది, అక్క తలుపు సందులోంచి చెయ్యి చాపి తీసుకునేది. లేచి తిరుగుతోందని మేమంతా దేవుడికి దండం పెట్టుకున్నాం.

ఆ తర్వాతే నాకు ఏమీ అర్థం కాకుండా పోయింది. రేకులు విప్పేశారు. టీకడలో మళ్ళీ గాజుగ్లాసులో టీ పోశారు. ఆ గ్లాసు పట్టుకుంటే వేళ్ళు కాలడం కూడా హాయిగా ఉంది. పూలమ్మి వీధిలోకి వచ్చింది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. అయితే ఇవన్నీ సంతోషపడవలసినవా, ఇంకా భయపడవలసినవా అని ఎవరూ చెప్పలేదు. ఎదురుపడిన మనిషి చెయ్యి పట్టుకోవచ్చో లేదో, పిలుపులకు పోవచ్చో లేదో, పోతే తినవచ్చో లేదో, ఒక రోజు ఒకటి, మరుసటి రోజు ఒకటి. మాస్కు పెట్టుకుని తీసిన ముఖాలు సగం కొత్తగా కనిపించేవి. అందరూ నెమ్మదిగా వాకిళ్ళలోకి వచ్చారు గాని మా అక్క రాలేదు. కూర పంపడం మానేసింది. పండక్కి పిలిస్తే ఒళ్ళు బాగాలేదంది. ఒకనాడు తన రాతిచట్టిని కోడలి చేతికిచ్చి, మీరే ఉంచుకోండి, నాకు దీంతో పనిలేదు అని పంపేసింది. ఆ చట్టి మా అమ్మది.

పక్కింటి వదిన, జబ్బులో ఎవరూ లోపలికి రాలేదని మీ అక్కకు కోపం అంది. నా కొడుకు, భయం ఇంకా తీరలేదమ్మా అన్నాడు. నేను రెండూ నమ్మాను, రెండూ నమ్మలేదు. ఒక సాయంత్రం చూద్దామని వెళితే గడప దగ్గరే మాడు వాసన కొట్టింది. లోపల పొయ్యి మీద పాలు పొంగి, ఇగిరి, గిన్నె నల్లబడుతోంది. అక్క దాని పక్కనే, అటు వీపు పెట్టి కూర్చుని కొబ్బరి మట్టలోంచి ఈనెలు తీస్తోంది. నేను పరుగెత్తి పొయ్యి ఆపితే, ఏమయిందన్నట్టు నా వైపు చూసింది. అక్క మనసు చెదిరిపోతోందేమో అన్న అనుమానం ఆ రోజు నాలో దూరింది. అమ్మ లేని నాకు అమ్మలాంటి మనిషి, రెండిళ్ళ దూరంలోనే ఉంటూ చేజారిపోతోందా అనుకున్నాను. ఎవరితోనూ అనలేదు.

ఐప్పసి నెల వానలకు అరువి నిండిందనీ, జనాన్ని మళ్ళీ పోనిస్తున్నారనీ నా కొడుకు వార్త తెచ్చాడు. నేను నేరుగా అక్క దగ్గరకు పోయి, నువ్వు పులిసాదం చేస్తేనే పోతాం, లేకపోతే ఎవరమూ పోము అన్నాను.

"కోడలు చేస్తుంది పో," అంది అక్క ముఖం తిప్పుకుని.

"కోడలు చేసేది పులిహోర. నీది పులిసాదం. నాకు అదే కావాల."

"ఇన్నాళ్ళు తినింది చాల్లేదా నీకు?"

"చాల్లేదు. ఏమి చేస్తావు?"

చాలాసేపు ఈనెల కట్ట సర్దుతూ కూర్చుంది. చివరికి, సరి, చట్టి పంపు అంది. నేను చిన్నపిల్లలా గంతులేస్తూ ఇంటికి వచ్చాను. గెలిచాననుకున్నాను.

బస్సులో తూక్కును అక్క నా ఒళ్ళో పెట్టనివ్వలేదు, తనే పట్టుకుంది. అరువి దగ్గర జనం ఎక్కువే. కొందరు మాస్కుతోనే నీళ్ళ కింద నిలబడి ఊపిరాడక ఎగిరిపడుతున్నారు, వాళ్ళను చూసి పక్కింటి వదిన నవ్వి నవ్వి బండ మీద కూలబడింది. నీళ్ళు నెత్తిన పడగానే నాకు మిల్లు రోజులూ ఈ రోజులూ కలిసిపోయి నేను ఏ వయసుదాన్నో తెలియలేదు. అక్క కాళ్ళు మాత్రం తడుపుకుని తూక్కు పక్కన కాపలా కూర్చుంది.

తినే వేళకు పాత పద్ధతిలోనే గుండ్రంగా కూర్చున్నాం. చేత్తో పెట్టవచ్చా, కూడదా అని అందరం ఒకరినొకరు చూసుకున్నాం. నా కొడుకే ముందు అరచెయ్యి చాపాడు, దానితో అందరి చేతులూ వచ్చేశాయి. అక్క కాకికని ఒక ముద్ద అవతలి బండ మీద పెట్టింది, తర్వాత మాకు పెట్టింది. తొందరలో నేను మాస్కును గడ్డం కిందికి లాగాను, అప్పుడు పడిందే ఈ మరక.

నోట్లో వేసుకున్నాను. ఉప్పు. సముద్రం తిన్నట్టు ఉంది. రెండుసార్లు పడినట్టుంది. తలెత్తి చూస్తే కోడలు నమలడం ఆపింది, కొడుకు నీళ్ళ సీసా వెతుకుతున్నాడు. అక్క మా ముఖాలను ఒక్కొక్కటిగా చూస్తోంది, పరీక్ష రాసిన పిల్ల పంతులు ముఖం చూసినట్టు.

"భలే ఉండాది వదినా. ఇంకొక ముద్ద పెట్టు," అంది పక్కింటి వదిన, ఎక్కడా మాట దాచుకోని మనిషి.

"అవును పెద్దత్తా, బాగుంది," అంది కోడలు.

నేనూ తల ఊపాను. ఎందుకు ఊపానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. అక్క భుజాలు కాస్త దిగాయి. ఇంతలో కొండమీది కోతి ఒకటి దిగివచ్చి, కాకి కోసం పెట్టిన ముద్దను తీసుకుని నోట్లో కుక్కుకుంది. ఒక్కసారి ముఖం ముడిచి అంతా ఉమ్మేసి, నాలుకను చేత్తో తుడుచుకుని, అక్క వైపు పళ్ళు చూపించి, నీళ్ళ దగ్గరకు పోయి వంగి తాగింది.

అక్క ఆ కోతినే చూస్తూ ఉండిపోయింది.

"పాపం, దానికొకదానికే అబద్ధం చెప్పేది తెలీలేదు," అంది.

వదిన నవ్వబోయి ఆపుకుంది. అక్క తూక్కు మూత పెట్టి, చెయ్యి కడుక్కోకుండానే, నా ఒక్కదానితో చెబుతున్నట్టు చెప్పింది.

"నాకు వాసన రాదే. ఆ జొరం పోయినప్పట్నుంచీ ఏమీ రాదు. మల్లెపూవూ ఒకటే, మురుగుకాలవా ఒకటే. ఉప్పు వేసినానా లేదా అని తెలీక మళ్ళీ వేసినాను."

"చెప్పి ఉండొచ్చు కదా అక్కా?"

"చెప్తే ఏమంటారు? నోట్లో వేసి చూడు అంటారు. కాకికి పెట్టకముందు ఎంగిలి చేసేదా? అమ్మ తినాల్సింది. ఇన్నేళ్ళు చేయనిది ఇప్పుడెట్ల చేస్తాను?"

పాలు, చట్టి, పండగ, అన్నీ ఒక్కసారిగా నా కళ్ళ ముందు వరుసలో నిలబడ్డాయి. మనసు చెదరలేదని సంతోషించాలో, ముక్కు పోయిందని ఏడవాలో తెలియలేదు. వెనక్కి వచ్చే బస్సులో మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. బాగుందని మేము చెప్పింది మంచో చెడో అని నేను దారంతా తర్కించుకున్నాను. ఇన్నేళ్ళయినా తేలలేదు.

అరువికి జనం ఇప్పుడు కార్లలో వస్తున్నారు, కాగితం పళ్ళేల్లో తింటున్నారు. చేతిలో ముద్ద పెట్టించుకోవడం మా ఇంటి పిల్లలకు కూడా వింతగా ఉంది. అక్క ముక్కు అరకొరగా తిరిగి వచ్చింది. కొన్ని రోజులు కాఫీ కిరసనాయిల్లా ఉందంటుంది, ఒక్కోరోజు ఏమీ లేకుండానే మల్లెపూలు అంటుంది. మూత తీసి కళ్ళు మూసుకుని నిలబడే అక్కను మాత్రం నేను మళ్ళీ చూడలేదు. జబ్బు చాలామంది ఇళ్ళలోంచి మనుషులను పట్టుకుపోయింది. మా ఇంట్లోంచి పట్టుకుపోయింది ఆ నిలబడడం ఒక్కటే. దానికి దుఃఖపడవచ్చా అని కూడా నాకు సందేహమే, కాని దుఃఖపడుతున్నాను.

పులిసాదం అయ్యాక అక్క మళ్ళీ మా ఇంటికే పంపేసిన రాతిచట్టిని, అరువికి పోయివచ్చిన మరుసటి ఉదయం నేను చంకన పెట్టుకుని అక్క ఇంటికి పోయాను. ఏమీ అడగకుండా పొయ్యి మీద పెట్టాను. అక్క లేచి వంకాయలు తరిగింది, పులుసు పెట్టింది. ఉడికాక మూత తీసి, అలవాటుగా ఆవిరిని ముఖం వైపు తోసుకుంటూ చెయ్యి మధ్యలోనే ఆపేసింది. అప్పుడు నేను గరిటె అందుకుని, ఉప్పు సరిపోయిందో లేదో తెలియని ఆ పులుసునే కాస్త అన్నంలో కలిపి, పెరటి గోడ మీద పెట్టి కాకిని పిలిచాను. అక్క పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"చప్పగా ఉంటే అమ్మ తిట్టదా?" అంది.

"తిట్టనీ. ఆమె చేసింది మనం తినలేదా?"

కాకి వచ్చింది, తిన్నది, ఇంకా కావాలన్నట్టు చూసింది. ఇద్దరం పొయ్యి దగ్గరకు తిరిగి వచ్చాక నేను అక్క ముందు అరచెయ్యి చాపాను. అక్క గరిటెతో ఒక చుక్క పోసింది. నాలుక మీద వేసుకుని, ఈసారి తల ఊపకుండా, ఉప్పు చాల్లేదు అక్కా అన్నాను. అక్క ఉప్పు జాడీ మూత తీసింది.