కాలువగట్టు గ్రౌండులో సెల్ఫ్ గోలు

ఆ రోజుల్లో బెజవాడలో మేం ఫుట్‌బాల్ చూసిన గ్రౌండు అసలు గ్రౌండు కొలతలకు సరిపోయేది కాదు. ఒక పక్క కాలువగట్టు, దానికి ఎదురుగా చర్చి కాంపౌండు గోడ, మిగిలిన రెండు వైపులా మేడలు. గోలు వెనక నాలుగడుగులు వేస్తే ఎవరిదో వంటింటి కిటికీ తగిలేది. మేడల మీదివాళ్ళు పిట్టగోడకు చేతులానించి ఆట చూసేవాళ్ళు. ఆరేసిన చీర అడ్డం వస్తే పక్కకు లాక్కునేవాళ్ళు. కిందివాళ్ళకు చర్చి గోడ వారగా నాలుగు సిమెంటు మెట్లుండేవి. అక్కడ కూర్చుంటే ఆడేవాళ్ళు రొప్పడం వినపడేది, ఒకరినొకరు తిట్టుకోవడం కూడా.

కాలువ వైపు కంచె లేదు. ఒక్కో ఆటలో బంతి రెండు మూడు సార్లు నీళ్ళలో పడేది. రిఫరీ విజిల్ వేసి గడియారం ఆపేవాడు. గట్టు మీద టీకొట్టు నడిపే ఆవిడ భర్త పొడుగాటి వెదురుగడకు బుట్ట కట్టి ఉంచుకునేవాడు. దాంతో బంతి తీసేవాడు. అందకపోతే గట్టు వెంట వంతెన దాకా పరిగెత్తేవాడు. బంతి వచ్చేదాకా ఆటగాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడాలి. ఒక్క అడుగు కదలకూడదు. గ్రౌండు చిన్నది కదా, ఆ సందులో ఎవడూ గోలు దగ్గరికి జరిగిపోకుండా వాళ్ళు పెట్టుకున్న నియమం అది. ఇంకే ఊళ్ళోనూ నేనది చూడలేదు.

నేనక్కడికి మొదటిసారి వెళ్ళింది డెబ్బై ఏడు చివర, ఉప్పెన వచ్చాక మూడో వారంలో. అంతకు ముందు పన్నెండు రోజులు దివిసీమలో ఉన్నాను. ఉయ్యూరు మీదుగా బస్సు ఎంతదూరం వెళ్ళగలిగితే అంతదూరం వెళ్ళి, అక్కణ్ణుంచి నడిచేవాణ్ణి. కనిపించినవి రాశాను. తర్వాత తర్వాత పోయినవాళ్ళ పేర్లు రాశాను. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు. తిరిగొచ్చాక మా న్యూస్ ఎడిటర్ నా కాపీ చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఇది వార్తలా లేదయ్యా, ఓటర్ల లిస్టులా ఉంది.”

“అలాగేనండి.”

“కొన్నాళ్ళు ఆటలు రాయి. ఆటలు రాసే అతన్ని అటు పంపిస్తాను.”

“అలాగేనండి.”

ఆయన దయతోనే అన్నారు. ఇంకేదైనా రాయమన్నా అలాగేనండి అనే ఉండేవాణ్ణి. అన్నం వడ్డిస్తే తినేవాణ్ణి. పడుకోమంటే పడుకునేవాణ్ణి. దుఃఖం లాంటిదేమీ లేదు. ఉంటే బాగుండునని కూడా అనిపించలేదు.

ఆ ఆదివారం లారీ బాడీలు కట్టే షెడ్డువాళ్ళకీ రైల్వేవాళ్ళకీ ఫైనల్. ఎండ ఇంకా తగ్గలేదు. మెట్ల మీద కూర్చుని టీ తెప్పించుకున్నాను. గ్లాసు సగమయ్యాక టీకొట్టు ఆవిడే వచ్చింది.

“అయ్యో, పంచదార వెయ్యడం మర్చిపోయాను బాబూ. తాగేస్తున్నారే, చెప్పరేంటి?”

నాకు తెలియలేదు. బాగానే ఉందమ్మా అన్నాను. ఆవిడ నా మొహం ఒకసారి చూసి, పొట్లంలోంచి పంచదార వంపి చెంచాతో కలిపి వెళ్ళిపోయింది.

ఆట మొదలుకాక ముందు షెడ్డు జట్టులోంచి ఒకతను నా దగ్గరికొచ్చాడు. ఇరవై నాలుగైదేళ్ళుంటాయి. బూట్లు లేవు, చీలమండలకు గుడ్డ చుట్టుకున్నాడు. షెడ్డులో లారీ పలకలకు బోల్టులు బిగించే పని. ఆటలో బ్యాక్. అంటే తన గోలు దగ్గరే ఉండి, వచ్చిన బంతిని వెనక్కి పంపేవాడు.

“పేపరాయన మీరేనాండీ?”

“ఊఁ.”

“రేపు మా పేర్లు ఏత్తారాండీ?”

“గోలు కొట్టినవాళ్ళవి వేస్తాం.”

“అందరియ్యీ ఎయ్యరాండీ?”

“చోటుండదు. లోకల్ ఆటకి నాలుగు లైన్లు. ఎవరు గెలిచారు, ఎవరు గోలు కొట్టారు, కప్పు ఎవరిచ్చారు. అంతే.”

అతను వెళ్ళలేదు. మెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడ్డాడు. వాళ్ళ ఊరు సముద్రానికి దగ్గర. నేను వెళ్ళిన ఊళ్ళలో అదొకటి. అక్కడ వాళ్ళమ్మ ఒక్కతే ఉండేది. ఉప్పెన తర్వాత వెళ్ళి చూస్తే ఇల్లు లేదు. ఇల్లున్న చోటు కూడా ఆనవాలు దొరకలేదు. కొంతమందిని లాంచీలో తీసుకెళ్ళారని ఎవరో చెబితే మూడు శిబిరాలు తిరిగాడు. తాలూకా కచేరీలో అమ్మ పేరు రాయించాడు. షెడ్డులో సెలవైపోతే తిరిగొచ్చాడు. ఇదంతా గుక్క తిప్పుకోకుండా, లారీ నంబరు చెప్పినట్టు చెప్పాడు.

“శిబిరాల్లోకి మీ పేపరు ఊరికే వత్తదండీ. పొద్దున్నే ఒకడు కూకుని పైనుంచి కిందాకా సదువుతాడు. సినిమాలూ ఆటలూ అన్నీ. ఇంకేం పనుండదు కదండీ, అందరూ ఇంటారు. మాయమ్మకి సదువు రాదు. నా పేరూ ఊరూ ఇంటే మటుకు నేనిక్కడున్నానని తెలుత్తది.”

అది విని నేను చెయ్యవలసిన పనులు ఇప్పుడు చాలా తోస్తాయి. ఆఫీసుకు తీసుకెళ్ళి రెండు లైన్లు వేరే వేయించవచ్చు. అటు వెళ్ళిన మావాడికి చీటీ రాసి పంపవచ్చు. అప్పుడు అవేవీ తోచలేదు. నాకు చెప్పిన పని ఆట రాయడం. ఆటకు నాలుగు లైన్లు.

“గోలు కొడితే వేస్తాను” అన్నాను.

మొదటి సగం అతను బ్యాక్ ఆట ఆడలేదు. బంతి ఎటుంటే అటు పరిగెత్తాడు. అతను వదిలేసిన చోటులోంచే రైల్వేవాళ్ళు ఒక గోలు కొట్టారు. షెడ్డు కెప్టెన్, లేతు మీద పనిచేసే నడివయసు మనిషి, కేకలేస్తూనే ఉన్నాడు.

“ఒరేయ్, నీ చోటు అదిరా! అక్కడికెందుకు పోతన్నావ్, పెళ్ళిచూపులకా?”

మేడ మీదనుంచి ఒకాయన అందుకున్నాడు. “తప్పిపోయాడండీ. ఎవరైనా చెయ్యి పట్టుకుని ఇంటికి దింపండి.”

మెట్ల మీద అందరూ నవ్వారు. షెడ్డువాళ్ళు ఎలాగో ఒక గోలు కొట్టి సమం చేశారు. అది అతను కొట్టింది కాదు. హాఫ్ టైంలో నిమ్మకాయ బద్ద చీకుతూ మళ్ళీ నా దగ్గరికొచ్చాడు.

“గోలు కొడితేనేనాండీ?”

“అంతే.” తర్వాత, వివరం పూర్తిగా చెప్పడం అలవాటు కాబట్టి చెప్పాను. “సెల్ఫ్ గోలైనా పేరు వేస్తాం. ఎటు కొట్టినా.”

అతను తలూపాడు. నిమ్మతొక్క కాలువలోకి విసిరి వెళ్ళాడు.

రెండో సగం తన చోటులో తను నిలబడ్డాడు. చక్కగా ఆడాడు. ముందున్న నలుగురి కాళ్ళ మధ్యనుంచి బంతి తీసుకునేవాడు. కెప్టెన్ కేకలు ఆగిపోయాయి. ఆట ఇంకో మూడు నాలుగు నిమిషాలుందనగా గోలుకు పది గజాల దూరంలో బంతి అతని కాలికొచ్చింది. దగ్గర్లో రైల్వేవాళ్ళు ఎవరూ లేరు. షెడ్డువాళ్ళ గోలు కాసే గోలీ చేతులు కిందికి వేలాడేసి ఊరికే నిలబడ్డాడు. అతను వెనక్కి తిరిగి, నెమ్మదిగా, గోలీకి అందనంత పక్కగా బంతిని కొట్టాడు. అది దొర్లుకుంటూ వెళ్ళి గోలులో ఆగింది.

మెట్ల మీదివాళ్ళు లేచి నిలబడ్డారు. తలో మాటా అన్నారు.

“ఎవడి పక్షంరా నువ్వు?”

“అటుపక్క అత్తారిల్లుంది కామోసు.”

“బండి రివర్సు గేరులో పడింది.”

కెప్టెన్ అతని దగ్గరికి నడిచి వెళ్ళి ఏదో అడిగాడు. రైల్వేవాళ్ళు కప్పెత్తుకుని తిరుగుతుంటే అతను నేరుగా మెట్ల దగ్గరికొచ్చాడు. ఎవరో విసిరిన గుప్పెడు మట్టి అతని భుజం మీదింకా ఉంది.

“పేరు పడుద్ది కదండీ?”

పుస్తకం తీశాను. చెయ్యి అలవాటు ప్రకారం రాసింది. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు. రాశాక చూసుకున్నాను. పన్నెండు రోజులు నేను రాసినవాళ్ళలో ఎవరూ ఎదురుగా నిలబడి, అక్షరం సరిగ్గా పడిందా లేదా అని తల వంచి చూసినవాళ్ళు లేరు.

ఆ సాయంత్రం నాలుగు లైన్లలో మూడు అతని గురించే రాశాను. ఇంటిపేరుతో సహా పేరు, తండ్రి పేరు, ఊరు, ప్రస్తుతం బెజవాడలో పనిచేస్తున్న షెడ్డు ఉన్న వీధి, ప్రతి ఆదివారం ఆడే గ్రౌండు, అతను సెల్ఫ్ గోలు కొట్టినందువల్ల రైల్వే జట్టు గెలిచిన సంగతి. చీఫ్ సబ్ ఎడిటర్ చదివి తలెత్తారు.

“ఏమయ్యా, సెల్ఫ్ గోలు కొట్టినవాడికి ఇంటిపేరూ ఊరూ దేనికి? శుభలేఖా?”

జరిగింది చెప్పాను. ఆయన పెన్ను మూత పెట్టారు. తీశారు. గెలిచిన జట్టు గోలు కొట్టినవాడి పేరు, కప్పు ఇచ్చిన పెద్దమనిషి పేరు కొట్టేసి, అతని ఊరి పేరు పక్కన తాలూకాలో చిన్న భాగమైన ఫిర్కా పేరు చేర్చారు. దివిసీమలో అదే పేరుతో ఇంకో ఊరుందట. అలా కంపోజింగుకు పంపించారు.

మర్నాడు రైల్వే జట్టువాళ్ళు ఇద్దరు ఆఫీసుకొచ్చారు.

“గెలిచింది మేమండీ. పేపర్లో ఓడించుకున్నవాడి పేరుంది, వాడి తండ్రి పేరుంది. మాది ఒక్కడిదీ లేదు.”

“ఈసారి వేస్తాం” అన్నారు చీఫ్ సబ్. ఆయన నావైపు చూడలేదు.

తర్వాతి ఆదివారం అతన్ని జట్టులోకి తీసుకోరనుకున్నాను. వెళ్ళి చూస్తే బ్యాక్ చోటులోనే ఉన్నాడు. షెడ్డులో పేపరు కెప్టెన్ పైకి చదివాడట. ఊరి పేరు దగ్గర ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివాడట. ఇది నాకు కెప్టెనే చెప్పాడు.

“నాకు ముందు చెప్పకూడదాండీ ఆ ఎదవ? ఎవరి కాళ్ళైనా పట్టుకుని అవతలి గోల్లోనే కొట్టించేవాళ్ళం కదా.”

ఆ ఆదివారం అతని కోసం ఎవరూ రాలేదు. ఆ మీది ఆదివారమూ రాలేదు. ఆటలు రాసే అతను తిరిగొచ్చాడు. అయినా నేను గ్రౌండుకు వెళ్ళడం మానలేదు. ఆటలంటే ఇష్టం పుట్టి కాదు. కూర్చోవడానికి మెట్లున్నాయి, ఎవరూ మాట్లాడించరు. చర్చి గోడకున్న చిన్న గేటులోంచి ఎవరు వచ్చినా అతను తల తిప్పేవాడు. నేనూ తిప్పేవాణ్ణి.

మూడో ఆదివారం రెండో సగంలో ఆ గేటులోంచి ఒక పెద్దాయన వచ్చాడు. శిబిరాల్లో పంచిన కొత్త దుప్పటి భుజాన వేసుకున్నాడు. నాలుగు మడతలు పెట్టిన పేపరు చేతిలో ఉంది. మెట్ల మీద నా పక్కన చోటు చూపించాను. కూర్చుని, పేపరు తొడ కింద పెట్టుకున్నాడు. దాని మడతలు చిరిగిపోయి ఉన్నాయి.

“మావాడు అడుగో” అన్నాడు. “నేను మేనమామనండి.”

నేను ఇంకొంచెం పక్కకు జరిగాను.

“ఆట ఎప్పుడైపోద్ది బాబూ?”

“ఇంకో పదిహేను నిమిషాలు.”

“అయినాకే సెబుతాలెండి.”

గ్రౌండు చిన్నది. అవతలి చివరినుంచి కూడా మొహాలు తెలుస్తాయి. అతను మేనమామను చూశాడు. చూసి, ఆయన వెనక గేటు వైపు చూశాడు. గేటు తెరిచే ఉంది. మళ్ళీ చూశాడు. ఇంకెవరూ లోపలికి రాలేదు. అప్పుడే ఎవరో కొట్టిన బంతి గట్టు దాటి కాలువలో పడింది. రిఫరీ విజిల్ వేశాడు.

అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. బుట్టకు బంతి అందలేదు. టీకొట్టు ఆయన గడ పట్టుకుని వంతెన వైపు పరిగెత్తాడు. నీళ్ళు ఆ రోజు వడిగా ఉన్నాయి. చాలాసేపు పట్టింది. పిట్టగోడల వెనక ఎవరో పిల్లనెత్తుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. అతను మోకాళ్ళ మీద చేతులానించి, తన చోటులో వంగి నిలబడ్డాడు. నేల చూస్తున్నాడు. కదలకూడదు కదా, కదల్లేదు. రిఫరీ ఒకసారి అతని వైపు వెళ్ళి, సగంలోనే తిరిగొచ్చాడు. పెద్దాయన దుప్పటి అంచుతో మొహం తుడుచుకున్నాడు.

బంతి వచ్చింది. తడి బంతిని కెప్టెన్ చొక్కాకు తుడిచి లోపలికి విసిరాడు. అతను నిటారుగా లేచాడు. తన వైపు వచ్చిన రెండు బంతుల్నీ అవతలికి పంపించాడు.

ఆ సాయంత్రం నాలుగు లైన్లూ నేనే రాసిస్తానన్నాను. ఆటలతను సరేనన్నాడు. ఆ రోజు ఎవరూ గోలు కొట్టలేదు. ఎవరి పేరూ వెయ్యలేదు.